గరిష్ఠ వేగం

కొండాపూర్ సర్వీస్ సెంటర్‌లో
నా కారు గాల్లో ఉంది.
ఆరడుగుల ఎత్తున, నాలుగు కాళ్లూ వేలాడేసి,
పశువుల డాక్టరు దగ్గరికొచ్చిన గిత్తలా
ఎవరివంకా చూడకుండా.

అద్దానికి ఇవతల నేను.
చేతిలో అడక్కుండా ఇచ్చిన కాఫీ.
ముప్పై నాలుగేళ్లు రాణిగంజ్‌లో బేరింగులు అమ్మినవాణ్ణి,
చక్రం తిరిగితే చాలు
ఎక్కడ అరిగిందో చెవితో చెప్పేవాణ్ణి.
ఇక్కడ చెవికి పనిలేదు.
బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత,
గుండె చూపించమంటే
చొక్కా జేబు చూపించినట్టు.

ఐదొందల గుర్రాలన్నారు కొన్నప్పుడు.
వాటిని నేను తోలింది
సుచిత్ర సిగ్నల్ దగ్గర,
కొబ్బరిబోండాల బండి వెనకాల.
స్పీడ్‌బ్రేకర్ కనిపిస్తే ఊపిరి బిగబట్టి
ఏటవాలుగా ఒక్కో చక్రమే దించుతుంటే
వెనక ఆటోవాడు
"అన్నా, లోపల బిడ్డ పండుకున్నదా?" అన్నాడొకసారి.

వానొస్తే తీయలేదు.
పెళ్లిళ్లకు తీయలేదు, పార్కింగ్‌లో పిల్లలుంటారని.
చంద్రకళ ఓ ఆదివారం స్టీరింగ్ ముందు కూర్చుని
సీటు ముందుకు జరుపుకుంది.
"ఒక్క రౌండు," అంది.
"నీకలవాటు లేదు, దీని పికప్ వేరే," అన్నాను.
దిగిపోయింది,
సీటు మళ్లీ నా కొలతకు వెనక్కి జరిపి మరీ.

ఇంతియాజ్ అనే కుర్రాడు, సర్వీస్ అడ్వైజరు,
ల్యాప్‌టాప్ తీగ కారు కడుపులో గుచ్చి
జాతకం చదివినట్టు చదువుతున్నాడు.
పదహారు వందల నలభై కిలోమీటర్లు.
ఆయిల్ బాగుంది. ప్యాడ్లు కొత్తవే.
ముందు ఎడమ టైరులో గాలి కాస్త తక్కువ.
ఆగాడు. గొంతు తగ్గించాడు.
"చూడనీకి మెత్తగున్నరు గానీ సార్,
నూట ఎనభై ఏడు కొట్టిన్రు!
ఫస్ట్ సర్వీసు కాకముందే అంత తొక్కొద్దు."

తేదీ చూపించాడు.
మంగళవారం, తెల్లవారుజాము నాలుగూ పద్దెనిమిది.

ఆ టైముకి నేను బీపీ మాత్ర వేసుకుని
గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను.
తాళం ఫ్రిజ్ మీద ఇత్తడి గిన్నెలో.
పొద్దున లేచేసరికి ఫాస్టాగ్ మెసేజ్,
ఔటర్ మీద డబ్బులు కట్టయ్యాయని.
సర్వర్ తప్పనుకుని తుడిచేశాను.
ఆ పూట చంద్రకళ కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది.
జుట్టు చెదిరి ఉంది.
పేపర్లోంచి తల ఎత్తి ఉంటే అడిగేవాణ్ణేమో.

తొంభై ఆరులో, బోయిన్‌పల్లి మార్కెట్ వెనక ఖాళీ జాగాలో
సెకండ్‌హ్యాండ్ మారుతి క్లచ్ ఎప్పుడు వదలాలో
నాకు నేర్పింది తనే.
"కాలితో కాదు, నడుంతో విను," అనేది.
నేర్చుకున్నాక తాళం నా జేబులోకొచ్చింది.
ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో,
ఆ తేదీ ఏ ల్యాప్‌టాప్‌లోనూ దొరకదు.

నూట ఎనభై ఏడు.
అంత వేగంలో గండిమైసమ్మ వైపు దీపాలు
చుక్కల్లా ఉంటాయా, గీతల్లానా?
గాజులు మోగుతాయా?
నైటీ మీద చున్నీ వేసుకుని వెళ్లిందా?
అద్దం దించిందా?

నాకు రావలసిన కోపం కోసం
కాసేపు ఎదురుచూశాను.
కాఫీ చల్లారింది.
వచ్చింది కోపం కాదు.
అసూయకు దగ్గరి చుట్టం ఏదో.
ఆ సైజు సరుకు నా కొట్లో ఎప్పుడూ లేదు.

"కంప్లయింట్లేమన్నా ఉన్నాయా సార్?"
లేవన్నాను.
నాలుగడుగులు వెళ్లాక వెనక్కి పిలిచాను.
"ఆ ఎడమ టైరు ఒక్కటే కాదు, నాలుగూ చూడు.
నీ దాంట్లో రాసుందే వేగం,
దానికి సరిపడా పట్టు."

వస్తూ వస్తూ ట్యాంకు నిండా కొట్టించాను,
ఎప్పుడూ రెండు వేలతో సరిపెట్టేవాణ్ణి.

సెల్లార్‌లో ఇంజన్ ఆపబోతూ చూశాను:
తలుపు మీద సీటు బటన్లు రెండు.
ఒకటి నాది.
రెండోది ఏనాడూ నొక్కలేదు.

నొక్కాను.
సీటు చప్పుడు లేకుండా కదిలింది,
ముందుకు, ఇంకా ముందుకు,
నా మోకాళ్లు స్టీరింగ్ కిందికి ఆనుకునేదాకా వచ్చి
అక్కడ ఆగింది.